నడుమ రబ్బరు

మునుగోడు దాటినంక మొదటి గుంతల
కుడిదిక్కు ముందు గిర్ర కాడ
"కటక్" అన్నది.
వెనుక సీట్ల ఒరిగి కూసున్న బుగ్గమ్మ పెద్దమ్మ
కండ్లు తెరవకుండనే అన్నది:
"ఇద్దయ్యా, ఆ సప్పుడు నాది గాదు బిడ్డా,
నా కీళ్లు ఎన్నడో మూగవోయినయ్."

మర్రిగూడ బోరునీళ్లు తాగి తాగి
ఎముక ఎముకను పట్టుకున్న మనిషి.
మెడ తిప్పాలంటె మొత్తం తిరగాలె.
నెలకోసారి నల్లగొండ దవాఖానకు
నా పాత ఇండికాలనే పోవుడు, వచ్చుడు.
గుంత వస్తె నాకు స్టీరింగు తగులుతది,
ఆమెకు వెన్ను మొత్తం తగులుతది.

షెడ్డాయన బండి ముట్టకముందే
రెండువేల ఎనిమిదొందలన్నడు.
ప్రకాశం బజార్ల జత మూడువందల నలభై.
అరచేతిల పెట్టుకొని చూస్తె
ఇనుప కడియం, లోపల నల్ల గారె.
ఇంతదానికా ఇన్నాళ్లు ఈ లొల్లి?

ఐతారం. చండూరుల మా ఇంటి ముంగట
మొయిన్ చాచా ప్లాస్టిక్ కుర్చీ ఏసుకున్నడు.
ముప్పై ఒక్క ఏండ్లు డిపోల బస్సుల కింద పన్నోడు.
"చేతులు వణుకుతయ్ బేటా, చెవులు వణకయ్" అంటడు.
"జాకీ ఎత్తేటందుకే, నిలిపేటందుకు గాదు" అని
రెండు తుమ్మమొద్దులు పెట్టిపిచ్చినంకనే
నన్ను కిందికి దూరనిచ్చిండు.

పదిహేడు నంబరు పానా, దానికి పైపు తొడిగితే
తుప్పువట్టిన బోల్టు పెద్దగ తిట్టి కదిలింది.
ఆర్మ్ ఊడి ఒళ్లోకొచ్చింది, బరువుగ,
ఎవలిదో చెయ్యి లెక్క.
పాత రబ్బరు నెర్రెలిచ్చిన చెరువు.
హాక్సా బ్లేడు ఇప్పి బొక్కల దూర్చి మళ్ల బిగించి కోసిన.
"కడియాన్నే కొయ్యి, చేతిని గాయం జెయ్యకు,"
చాచా చాయ గిలాస చప్పుడు చేసుకుంట.

కొత్త బుష్షులు రాత్రి నుంచి ఫ్రిజ్జులున్నయ్,
సల్లగైతె ఇనుము జరంత ముడుసుకుంటదని.
పెరుగు గిన్నెకు జాగ లేక కళమ్మ అడిగింది:
"మీ కారుకేమన్న ఎండదెబ్బ తాకిందా?"

పొడుగు బోల్టు, వాషర్లు, సబ్బునీళ్లు,
ఎండిపోయిన చేతిపంపుల నుంచి కోసుకొచ్చిన పైపు తునక.
ఆత్రానికి సుత్తెతోని ఒక్కటేసిన.
వంకరవోయింది. రబ్బరు చినిగింది.
చాచా ఏమనలే. కుర్చీ జరుపుకున్నడు అంతే.
తెల్లారి బస్సెక్కి ఇంకోటి తెచ్చిన.

రెండోసారి సుట్టు సుట్టు తిప్పంగ
నిమ్మళంగ లోపలికి వోయి కూసున్నది.
ఆర్మ్ ఎక్కించి, బోల్టు దూర్చి,
ఉన్న బలమంత పెట్టి బిగియ్యబోతుంటె
"ఆగు!" అని కుర్చీల నుంచి లేసిండు.
"గాల్ల ఏలాడంగ బిగిస్తవా?
రబ్బరు గా ఏలాడుడునే తన నిలుకడ అనుకుంటది.
నేలకు దింపంగనే మెలివడి మెలివడి సస్తది.
ముందు బరువు మోయనీ.
మోస్తున్నప్పుడు ఎట్లున్నదో, అట్ల బిగించు."

గిర్రలను నాపరాళ్ల మీదికెక్కించి దించినం.
కళమ్మను సీట్ల కూసోవెట్టి
నేను మళ్ల ఎల్లెలకల దూరిన.
అడుగునుంచి ఆమె చెప్పులు కనవడవు గని
ఆమె బరువు తెలుస్తనే ఉన్నది.
అప్పుడు బిగించిన.

మొన్న దవాఖాన రోజు.
మునుగోడు గుంత వచ్చింది, పోయింది.
"సప్పుడేదిరా?" అన్నది పెద్దమ్మ, ఏదో పోయినట్టు.
డాష్‌బోర్డుల పడున్న పాత బుష్షు చేతికిచ్చిన.
వంగని ఏళ్ల నడుమ పట్టుకొని ఒత్తి చూసింది.
"నాయేమో బిగుసుకపాయె, దీనియేమో వదులాయె.
ఇద్దరం సగం సగం పంచుకుంటె
ఆ డాక్టరు కాడికి పోవుడే ఉండకపోవు."
నడుము నవ్వనియ్యదు గదా,
మొఖం ఒక్కటే నవ్వింది, చానసేపు.

తిరిగొచ్చేటప్పుడు
కుడిదిక్కు సప్పుడు లేకపోవట్టికే గావచ్చు
ఎడమదిక్కు ఇనవడ్డది.
చిన్నగ. ఒక్కసారే.
అద్దంల చూసిన. పెద్దమ్మ నిద్రవోతున్నది,
పిడికిట్ల ఆ నల్ల గారె.